చిక్కలేదు, తగ్గాను

పోయిన శనివారం మారేడ్‌పల్లిలో ఒక పెళ్ళి విందుకి వెళ్ళాను. ప్లేటు పట్టుకుని బిర్యానీ వైపు నడుస్తుంటే చర్చిలో పాత స్నేహితురాలొకామె ఎదురొచ్చి, నా మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని, "ఏంటే, ఇలా చిక్కిపోయావు? ఒంట్లో బాగానే ఉంటోందా?" అంది. గొంతులో నిజమైన దిగులు. కొన్ని నెలలుగా తెల్లారకుండా లేచి కాలనీ చుట్టూ తిరిగి, సాయంత్రం పకోడీల వైపు చూడకుండా తలతిప్పుకుని, నానా తంటాలూ పడి తగ్గించుకున్న ఒళ్ళు నాది. ఎవరైనా గమనిస్తే బాగుండునని ఎదురుచూస్తున్నాను కూడా. తీరా గమనించినందుకు నాకు దక్కింది పరామర్శ.

మనవాళ్ళతో వచ్చిన చిక్కే ఇది. మనిషి లావైతే "ఒళ్ళు చేశావు, కళగా ఉన్నావు" అంటాం. సన్నబడితే మాత్రం "చిక్కిపోయావు" అంటాం. ఆ మాటలో జ్వరం ఉంటుంది, దిగులు ఉంటుంది, ఇంట్లో ఏదో గొడవ ఉంటుంది. కావాలని, కష్టపడి, ఇష్టంగా సన్నబడే మనిషి ఉంటుందని మనకి తోచదు. "తగ్గడం" అనే మాట నా చిన్నతనంలో జ్వరానికీ కృష్ణలో వరదకీ వాడేవాళ్ళు తప్ప, మనిషికి వాడగా నేను వినలేదు.

మొదటిసారి విన్నది నాతో ఆఫీసులో పనిచేసిన ఆంటీ నోటే. "చిక్కలేదమ్మా, తగ్గాను." ఈ రెండు మాటలూ ఆవిడ కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. ఒక్కరూ నమ్మేవారు కాదు. ఆ నమ్మకపోవడం వల్ల ఆవిడ ప్రాణంగా చూసుకునే ఒక్క మనిషీ ఆవిడకి దూరమయ్యేంత పని జరిగింది. అదే రాద్దామని కూర్చున్నాను.

ఆవిడ పేరు మాత్రం రాయను. ఆవిడ ఇప్పుడు లేరు గాని, ఉండుంటే "నా గోల నలుగురికీ ఎందుకమ్మాయ్" అనేవారు.

మా ఆఫీసు బేగంపేటలో ఉండేది. నేను కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చి అక్కడ టైపిస్టుగా చేరేటప్పటికి ఆంటీ అకౌంట్స్ సెక్షన్లో సీనియరు. ఇద్దరిదీ మారేడ్‌పల్లే, ఇద్దరిదీ ఒకే చర్చి, ఒకే బస్సు. పొడుగు తక్కువ, ఒళ్ళెక్కువ మనిషి. సీట్లో కూర్చోగానే "బస్సు నా వైపు ఒరుగుతోంది, నువ్వు అటు పక్క కూర్చో అమ్మాయ్" అని తనమీద తనే వేళాకోళం ఆడుకునేవారు. ఏ పని మొదలుపెట్టినా ముందు పమిట చెంగు నడుముకి బిగించి దోపుకునేవారు. ఫైలు తెరవాలన్నా అంతే, సంతకం పెట్టాలన్నా అంతే, ఆఖరికి ప్రార్థనకి తల వంచాలన్నా అంతే. చర్చి పాటల బృందం, అదే క్వయర్లో ఆవిడది ఆల్టో గొంతు, ఆడగొంతుల్లో కింది స్థాయిది. రోజంతా ఏదో ఒకటి కూనిరాగం తీస్తూనే ఉండేవారు గాని అది ఏ కీర్తనో ఎవరికీ అంతుపట్టేది కాదు. ఎందుకంటే ఆవిడ పాడేది అసలు రాగం కాదు, దాని పక్కన నడిచే రాగం.

ఇంట్లో ఆవిడా, ఆవిడ అక్కగారూ. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. అక్కగారిని నేను పెద్దాంటీ అనేదాన్ని. తల్లి పోయాక చెల్లెల్ని చదివించి పెంచింది ఆవిడే. స్కూల్లో తెలుగు టీచరుగా చేసేవారు. పక్షవాతం వచ్చి రెండు కాళ్ళూ, ఎడం చెయ్యీ పోయాయి. నోరు మాత్రం చెక్కుచెదరలేదు. రోజూ పొద్దున్నే ఆవిడని మంచం మీంచి ఎత్తి, స్నానం చేయించి, వీధి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాలి. సాయంత్రం మళ్ళీ ఎత్తి మంచం మీదికి చేర్చాలి. పగలు ఒక ఆయా వచ్చి కనిపెట్టుకుని ఉండేది గాని ఎత్తే ఓపిక ఆమెకి లేదు. పరాయివాళ్ళు చెయ్యి వేస్తే పెద్దాంటీ కర్రలా బిగుసుకుపోయేవారు. అందుకని ఎత్తడం, దించడం అన్నీ ఆంటీయే.

"పడుకోబెట్టే ఉంచొచ్చు కదండీ, మీకు శ్రమ తగ్గుతుంది" అని ఒకసారి తెలివితక్కువగా అన్నాను.

పెద్దాంటీ నా వైపు తిరిగి, "పడుకుంటే నేను రోగిని. కూర్చుంటే టీచర్ని" అన్నారు.

ఆ మాట నిజమే. కిటికీ దగ్గర కూర్చుంటే వీధి వీధంతా ఆవిడ క్లాసు. ఎదురుగా కూరగాయల కొట్టువాడు కొత్తగా బోర్డు రాయించి, కూరగాయలకి బదులు "కురగాయలు" అని పెట్టుకున్నాడు. ఇక చూడండి. "ఆ దీర్ఘం కోసం పొద్దున్నుంచీ నా ప్రాణం కొట్టుకుంటోందే" అని ఆంటీ ఆఫీసు నుంచి రాగానే చెప్పేవారు. రోజూ చెప్పేవారు.

ఒక ఆదివారం పొద్దున్న, చర్చికి తయారవుతుండగా, ఆంటీ అక్కని ఎత్తబోయి నడుం పట్టేసి అలాగే కూలబడిపోయారు. ఒళ్ళో అక్క. ఇద్దరూ మంచానికీ కుర్చీకీ మధ్య నేలమీద. పక్కవాటా వాళ్ళు చర్చి నుంచి తిరిగొచ్చేదాకా అలాగే ఉన్నారు. తర్వాత పెద్దాంటీయే ఆ కథ నవ్వుతూ చెప్పారు. "ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నామమ్మా, గోంగూర ఒలుచుకునేవాళ్ళలాగా. గోంగూర లేదు, అంతే తేడా."

ఎముకల డాక్టరు మాత్రం నవ్వలేదట. "మీ మోకాళ్ళు మీ బరువే మొయ్యలేకపోతున్నాయి. ఇంకో మనిషిని ఎట్లా మోస్తారు? బరువు తగ్గండి. లేదంటే ఎత్తడం మానేసి, ఆమెను ఏదైనా హోంలో చేర్చండి. ఇట్లాగే ఎత్తుతూ పోతే ఇద్దరూ మంచం పడతారు" అన్నాడట.

మర్నాడు బస్సులో ఆంటీ నాకు ఈ సంగతి చెప్పి, "రెండోది నాకు వినబడలేదమ్మాయ్" అన్నారు. మొహంలో వేళాకోళం లేదు. ఆవిడని అలా చూడడం నాకదే మొదటిసారి.

డాక్టరు రోజూ గంట నడవమన్నాడు. ఆ గంట ఎక్కడిది? పొద్దున్న అక్క స్నానం, వంట, టిఫిను, డబ్బా. తర్వాత బస్సు. సాయంత్రం మళ్ళీ అక్క, మళ్ళీ వంట, వారంలో రెండు రోజులు క్వయర్ ప్రాక్టీసు. ఆదివారం పిల్లల సండేస్కూలు. "పొద్దున్న గంటంటే అక్క స్నానం పోతుంది. సాయంత్రం గంటంటే అక్క భోజనం పోతుంది. ఆ డాక్టరుకి అక్క లేదనుకుంటా" అన్నారు ఆంటీ.

రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు తెల్ల క్యాన్వాస్ బూట్లతో బస్సు ఎక్కారు. స్కూలు పిల్లలు డ్రిల్లుకి వేసుకునేవి. వాటిమీద గంజి పెట్టిన వెంకటగిరి చీర. బేగంపేట రాకముందే, రసూల్‌పురా దగ్గర లేచి నిలబడ్డారు.

కండక్టరు ఊరుకోలేదు. "ఏందమ్మా, బేగంపేటకు టికెట్ గొని గిక్కడ దిగుతున్నవ్?"

"నడుద్దామని బాబూ."

"టికెట్ పైసలిచ్చి నడుసుడేందమ్మా! బస్సుల తక్లీఫ్ ఏమన్న అయితున్నదా?"

"బస్సు బానే ఉంది. తక్లీఫంతా నాతోనే" అని దిగిపోయారు. చేతిలో గొడుగు, భుజాన సంచీ, నోట్లో ఏదో ఆల్టో. కిటికీలోంచి చూస్తే తెల్ల బూట్లు చీర కుచ్చెళ్ళ కింద తళుక్కుతళుక్కుమంటున్నాయి. కొన్నాళ్ళకి ఆ కండక్టరే రసూల్‌పురా వచ్చేసరికి "నడిశే అమ్మా, దిగాలె" అని కేకేసేవాడు.

దానికి ఆవిడ పెట్టుకున్న పేరు చిల్లర నడక. పొద్దున్న రసూల్‌పురా నుంచి ఇంత. ఆఫీసులో లిఫ్టు ఉన్నా మెట్లెక్కి ఇంత. సాయంత్రం ప్యాట్నీ దగ్గర దిగి మారేడ్‌పల్లిదాకా ఇంత. క్వయర్లో మగగొంతులకి విడిగా నేర్పేటప్పుడు మిగతా ఆడవాళ్ళు బెంచీలమీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే ఆవిడ చర్చి ఆవరణలో చుట్లు కొట్టేవారు. లంచ్‌లో గబగబా నాలుగు ముద్దలు తిని టెర్రస్ మీదికి పోయేవారు. నీళ్ళ ట్యాంకు నుంచి మెట్ల గదిదాకా, మళ్ళీ ట్యాంకుదాకా. నెత్తిమీద గొడుగు. బేగంపేటలో దిగే విమానాలు మా బిల్డింగు మీంచే పోయేవి. ఏ విమానం వచ్చినా ఆగి, గొడుగు పక్కకి వంచి, చెయ్యి ఊపేవారు.

"ఎవరికాంటీ?" అన్నాను.

"ఎవరో ఒకళ్ళు చూస్తారులే అమ్మాయ్. పాపం అంత దూరం నుంచి వస్తున్నారు."

ఆఫీసులో ఆవిడకి డ్రిల్లు మేడమ్ అని పేరు పడింది. నేను కొన్నాళ్ళు వెంట నడిచాను. వానలు మొదలవగానే నాకు బుద్ధి వచ్చి బస్సులోనే కూర్చున్నాను. ఆవిడ వానలో కూడా దిగేవారు.

నడక ఒక్కటే కాదు. ఒక సాయంత్రం మా అమ్మ పంపిన మాగాయ ఇద్దామని వాళ్ళింటికి వెళితే, గుమ్మంలోనే పెద్దాంటీ క్లాసు గొంతు వినిపించింది. "మోకాలు పూర్తిగా వంగలేదు. అది లెక్కలోకి రాదు. మళ్ళీ తియ్యి." ఎవరి పిల్లలో చదువుకోడానికి వచ్చారనుకున్నాను. లోపలికి తొంగిచూస్తే వంటింట్లో కుక్కరు విజిల్ కోసం చూస్తూ, గట్టు పట్టుకుని, పమిట బిగించి, ఆంటీ గుంజీలు తీస్తున్నారు. ఎత్తేటప్పుడు నడుముతో కాదు, తొడల బలంతో ఎత్తాలని డాక్టరు చెప్పాడట.

"చెవులు పట్టుకోవే" అంటున్నారు పెద్దాంటీ కుర్చీలోంచి.

"చెవులెందుకక్కా? డాక్టరు చెప్పలేదు."

"చెవులు పట్టుకోకపోతే అవి గుంజీలెలా అవుతాయి? అంట్లు తోమడానికి వంగినట్టుంది."

ఆంటీ చెవులు పట్టుకున్నారు. అంత వయసొచ్చిన మనిషి, ఆఫీసులో పదిమందికి పని చెప్పే మనిషి, చెవులు పట్టుకుని అక్క లెక్కపెడుతుంటే గుంజీలు తీస్తున్నారు. నన్ను చూసి ఇద్దరూ పడీపడీ నవ్వారు. నేను మాగాయ జాడీ పట్టుకుని గుమ్మంలోనే కూర్చుని నవ్వాను. నాకు ఆ ఊళ్ళో ఇల్లులాంటి ఇల్లు అదొక్కటే.

ఒళ్ళు అంత తేలిగ్గా దిగలేదు. ఎండాకాలం పోయి వానలు వచ్చి క్రిస్మస్ కూడా దాటాక అప్పుడు తెలియడం మొదలైంది. ముందు గాజులు వదులయ్యాయి. తర్వాత జాకెట్లు. మా వీధి చివర టైలరు జాకెట్టు తిప్పి తిప్పి చూసి, "గింతగనం లోపలికి పట్టాల్నా అమ్మా? తబియత్ మంచిగున్నదా?" అన్నాడు.

"చిక్కలేదు బాబూ, తగ్గాను."

"అదే గదమ్మా నేను సుత అంటున్న. షుగర్ జూపించుకున్నవా?"

ఇక మొదలైంది. కూరగాయలవాడు అడిగాడు. ఆఫీసులో క్యాషియరు పక్కకి పిలిచి అడిగాడు. చర్చిలో ఆడవాళ్ళు అడగడంతో ఆగలేదు, మోసుకొచ్చారు. ఒకావిడ నాటుకోడి గుడ్లు, ఒకావిడ ఖర్జూరాలు, ఒకావిడ క్యారేజీ నిండా పాయా. బలానికి మేకకాళ్ళ పులుసుని మించింది లేదని సికిందరాబాదులో అందరి నమ్మకం. ఆంటీ ఎవరినీ కాదనలేక తీసుకుని, మర్నాడు బస్సులో నా ఒళ్ళో పెట్టేవారు. ఆవిడకి తగ్గిందంతా నాకు ఎక్కింది.

నేను చెప్పకపోలేదు. "ఆవిడ రోజూ నడుస్తున్నారండీ, అందుకే" అని చర్చి స్త్రీల సమాజంలో పాస్టరమ్మగారితోనే అన్నాను. మా చర్చి పాస్టరు అయ్యగారి భార్య. నిండుగా, చల్లగా ఉండే మనిషి. ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందు ఆవిడే ఉంటారు. ఆవిడ నా చెయ్యి నిమిరి, "నువ్వు చిన్నదానివమ్మా. నడిస్తే ఇంత తగ్గుతారా ఎవరైనా? నీ దగ్గర కూడా దాస్తోంది" అన్నారు.

ఆ ఆదివారం ఆరాధనలో అయ్యగారు ప్రార్థన మనవులు చదువుతూ, "రోజురోజుకీ క్షీణించిపోతున్న మన సహోదరి కోసం" అన్నారు. క్వయర్ సీట్లో ముందు వరసలో ఆంటీ కళ్ళు గట్టిగా మూసుకుని, పమిట బిగించుకుని, చాలా భక్తిగా ప్రార్థిస్తున్నారు. మర్నాడు బస్సులో అన్నారు, "ఎవరో పాపం అనుకుని నేనూ మనస్ఫూర్తిగా ప్రార్థించానమ్మాయ్. 'అక్క భారం మోస్తూ' అన్నాక గాని తెలియలేదు అది నేనేనని."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "అక్క కూడా అడుగుతోంది. రాత్రి నా చెయ్యి పట్టుకుని ఎముకలు తడిమి చూస్తోంది" అన్నారు.

తర్వాతి శనివారం సాయంత్రం వాళ్ళింట్లో గృహ ప్రార్థన. ఆంటీ పెట్టుకున్నది కాదు, సమాజం వాళ్ళే పెట్టారు. ముందు గదిలో చాపలు పరిచి అందరం కూర్చున్నాం. పెద్దాంటీ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. పాటలయ్యాయి, బైబిలు వాక్యం అయింది. ప్రార్థనకి ముందు పాస్టరమ్మగారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, నువ్వు ఒప్పుకోవు గాని మేమందరం చూస్తూనే ఉన్నాం. అక్కని చూసుకోవడం నీ వల్ల కావడం లేదు. మనిషివి సగమైపోయావు. నీకేమైనా అయితే అప్పుడు ఆమెకెవరు? ఊరి బయట మనవాళ్ళ హోం ఒకటుంది, శుభ్రంగా ఉంటుంది. నేను వెళ్ళి మాట్లాడొచ్చాను. ఒక మంచం ఖాళీగా ఉంది. వచ్చే వారమే చేర్చుకుంటామన్నారు."

నేను పెద్దాంటీ వైపు చూశాను. ఆవిడ ఒక మాట విసిరితే పాస్టరమ్మగారైనా సరే నోరు మూసుకోవాల్సిందే. ఆవిడ విసరలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, మెల్లగా అన్నారు.

"నేను వెళ్తానే."

"అక్కా!"

"నీ మెడ ఎముకలు బయటికొచ్చాయి. నీ గుంజీలు నేనే లెక్కపెట్టాను, నిజమే. కాని ఊరంతా ఒకటే మాట అంటుంటే నా లెక్కమీద నాకే నమ్మకం పోతోంది. ఏదో రోగం పెట్టుకుని నా కోసం దాస్తున్నావేమో. నీకు బాగుంటే చాలు. అక్కడా కిటికీలుంటాయి."

ఆ మనిషి తగ్గింది దేనికి? అక్కని ఇంట్లో ఉంచుకోవడానికి. అదే చూపించి అక్కని తీసుకుపోతామంటున్నారు. పోనీ తిడదామా అంటే అక్కడ ఒక్కరికీ చెడ్డ మనసు లేదు. పాస్టరమ్మగారి కళ్ళల్లో నీళ్ళున్నాయి.

ఆంటీ లేచి నిలబడ్డారు. వాదిస్తారనుకున్నాను. చెంగు నడుముకి బిగించి దోపుకుని, కుర్చీ దగ్గరికి వెళ్ళి, నడుం నిటారుగా ఉంచి మోకాళ్ళమీద వంగారు. ఒక చెయ్యి అక్క వీపు కింద, ఒక చెయ్యి మోకాళ్ళ కింద. లేచారు. మంచం వైపు తిరుగుతారని మేమంతా దారి ఇచ్చాం. ఆవిడ వీధి గుమ్మం వైపు తిరిగారు.

"ఎక్కడికే?" అన్నారు పెద్దాంటీ, కుడి చెయ్యి చెల్లెలి మెడ చుట్టూ వేసి.

"కూరగాయలకి."

గుమ్మం దాటారు. మెట్టు దిగారు. గేటు దాటారు. మేమంతా చెప్పులు కూడా వేసుకోకుండా వెనకాలే వీధిలోకి వచ్చాం. పెద్దాంటీ ఏమీ పిట్టంత మనిషి కాదు. కండ లేకపోయినా పెద్ద ఎముకలు, పొడుగాటి మనిషి. కాళ్ళు చెల్లెలి చేతి మీంచి ఇంత బారున వేలాడుతున్నాయి. ఎదురుగా వచ్చే స్కూటరు ఆగిపోయింది. కొట్టువాడు తక్కెడ వదిలేసి లేచి నిలబడ్డాడు.

"అరె అమ్మా, పడ్తరు! జెర సంబాలించుండ్రి!"

"పడనులే బాబూ. మా అక్కకి నీ బోర్డు దగ్గర్నుంచి చూడాలనుంది."

పెద్దాంటీ కొట్టుముందు, చెల్లెలి చేతుల్లో, మెడ చాచి ఆ బోర్డుని పైనుంచి కిందికి చదివారు. పక్షవాతం వచ్చాక ఆవిడ ఆ వీధిలోకి రావడం అదే మొదలు.

"ఇక్కడ ఇంకో తప్పుంది" అన్నారు. "కిటికీలోంచి కనబడలేదు. ఫలములు అని రాయాలయ్యా. పలములు అని రాశావు. ఒత్తు లేని పండ్లు ఎవరు కొంటారు?"

"దిద్దిపిస్త టీచరమ్మా" అన్నాడు వాడు చేతులు జోడించి.

"దీర్ఘం కూడా."

"అది సుత దిద్దిపిస్త."

అక్కడ నిలబడ్డంతసేపూ ఆంటీకి ఆయాసం లేదు. చేతులు వణకలేదు. సన్నగా ఆల్టో తీస్తున్నారు. పెద్దాంటీ చెవి చెల్లెలి గుండెకి ఆని ఉంది. ఆవిడ వింటున్నది ఆ పాట కాదనీ, దాని వెనకాల గుండె ఎలా కొట్టుకుంటోందో అదనీ నాకు ఆవిడ మొహం చూస్తే తెలిసింది. కాసేపటికి తల ఎత్తి, మా అందరి వెనకాల నిలబడ్డ పాస్టరమ్మగారిని చూశారు.

"అమ్మగారూ, ఏమీ అనుకోకండి. హోంకి రాలేను. ఇక్కడ దిద్దాల్సినవి చాలా ఉన్నాయి."

పాస్టరమ్మగారు దగ్గరికొచ్చి ఆంటీ మోచేతి పైన వేళ్ళతో నొక్కి చూశారు. చింతపండు తాజాదో కాదో చూసినట్టు. మళ్ళీ నొక్కారు. "ఇదేంటమ్మా, రాయిలా ఉంది!" అన్నారు.

"ఆర్నెల్లుగా చెబుతూనే ఉన్నాను కదండీ. చిక్కలేదు, తగ్గాను."

అక్కడ, కూరగాయల కొట్టు ముందు, వీధిలో, అందరం పగలబడి నవ్వాం. పాస్టరమ్మగారు అందరికంటే ఎక్కువ నవ్వారు. ఇంట్లోకి వెళ్ళాక ఆగిపోయిన ప్రార్థన పూర్తి చేశారు. స్వస్థపరచమని మొదలుపెట్టబోయి, సర్దుకుని, స్తుతించి ముగించారు. సమోసాలు తినేటప్పుడు మాత్రం ఆంటీని వంటింట్లోకి తీసుకెళ్ళి, మెల్లగా అడిగారు, "నాకూ మోకాళ్ళు నొప్పులమ్మా. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఆ తర్వాత కొన్నాళ్ళు ప్యాట్నీ దగ్గర సాయంత్రాలు మా స్త్రీల సమాజమే బస్సు దిగుతున్నట్టుండేది. అందరూ చివరిదాకా నిలవలేదు. నేను సరేసరి.

ఆంటీ మాత్రం మానలేదు. రసూల్‌పురా, మెట్లు, టెర్రస్, విమానం, ప్యాట్నీ. కుక్కరు విజిల్‌కి గుంజీలు. ఆదివారాలు అక్కని రిక్షాలో చర్చికి తీసుకొచ్చి, మెట్లు ఎత్తుకుని ఎక్కించి, ముందు బెంచీలో కూర్చోబెట్టేవారు. పాటల పుస్తకంలో అచ్చు తప్పులకి పెద్దాంటీ పెన్సిలుతో సున్నాలు చుట్టేవారు. డాక్టరు బరువు చూసి, ఇక తగ్గక్కర్లేదు, ఇలాగే ఉండండి అన్నాడట. ఆ రోజు ఆంటీ బస్సులో నాకు పల్లీపట్టీ కొనిపెట్టి, తనూ ఒకటి తిన్నారు. అంత హాయిగా తినే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. చాలా ఏళ్ళు వాళ్ళిద్దరూ అలా ఉన్నారు. సుఖంగా ఉన్నారని రాయడానికి నాకేమీ సందేహం లేదు.

పెద్దాంటీ పోయింది కుర్చీలోనే. కిటికీ దగ్గర, పగలు, కాఫీ తాగాక. ఆయా ఫోన్ చేస్తే ఆఫీసు నుంచి ఇద్దరం ఆటోలో వచ్చాం. సాయంత్రానికి చర్చి అంతా వచ్చింది. ముందు గదిలో బల్లమీద శవపేటిక తెచ్చి పెట్టారు. పక్కనే మంచం మీద తెల్లచీరలో పెద్దాంటీ. పెట్టె తెచ్చిన మనుషులు నలుగురు చేతులు తుడుచుకుని ముందుకొచ్చారు.

"అమ్మా, మీరు జెర పక్కకు జరుగుండ్రి. మేం ఎత్తుతం."

ఆంటీ జరగలేదు. "నలుగురెందుకు బాబూ? పొద్దున నేనే కదా కుర్చీలో కూర్చోబెట్టాను" అన్నారు.

"గట్ల కాదమ్మా, పానం పోయినంక బరువుంటది. మీతోని కాదు."

"అది నాకు వదిలెయ్యండి."

పాస్టరమ్మగారు వాళ్ళని చేత్తో ఆపి, దారి ఇమ్మన్నారు. ఆంటీ మోకాళ్ళమీద వంగారు. అక్క వీపు కిందికి ఒక చెయ్యి, మోకాళ్ళ కిందికి ఒక చెయ్యి. ఒక్క క్షణం ఆగి, ఊపిరి తీసుకుని లేచారు. తల వెనక్కి పడకుండా తన భుజానికి ఆనించుకున్నారు. బల్ల దగ్గరికి నడిచి, నెమ్మదిగా, ఎక్కడా తగలకుండా, పెట్టెలో పడుకోబెట్టారు. దిండు సరిచేశారు. చీర అంచు పాదాలమీదికి లాగారు. ఆ నలుగురూ నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తున్నారు.

ఆవిడకి ఆయాసం రాలేదు. నడుం పట్టలేదు. వెనక్కి ఒక అడుగు వేసి నిలబడ్డారు. చేతులు రెండూ అలాగే ముందుకి వంగి, ఎవరినో ఎత్తుకున్నట్టే ఉండిపోయాయి. వాటిని కిందికి దించాలని ఆవిడకి తోచలేదు. నేను దగ్గరికి వెళ్ళి ఒక చెయ్యి పట్టుకున్నాను. రెండోది పాస్టరమ్మగారు పట్టుకున్నారు.